కుడి వైపు తగలని దెబ్బ

మాదాపూర్‌లో పెద్ద అద్దాల భవనాలు లేస్తున్న రోజుల్లో వాటి చుట్టూ ఇంకా బండలే ఉండేవి. ఆ బండలకు తూట్లు పొడిచి, మందు కూరి పేల్చేవారు. మా ఆఫీసు వ్యాను అటుగా వెళ్లే వేళకు ఒక మనిషి ఎర్రగుడ్డ పట్టుకుని రోడ్డుకు అడ్డంగా నిలబడేవాడు. మేము ఆగేవాళ్లం. ఎక్కడో భూమి గట్టిగా దగ్గినట్టు శబ్దం వచ్చేది. కాసేపు దుమ్ము రాలేది. అతను గుడ్డ దించేవాడు. మేము తల దులుపుకుని అమెరికా పని చెయ్యడానికి ముందుకు సాగేవాళ్లం.

మా పని వైద్యం కాదు గానీ వైద్యానికి చాలా దగ్గరదని మా ఆఫీసులో అందరూ నమ్మేవారు. అక్కడి డాక్టర్లు రోగిని చూశాక చెప్పుకున్న మాటలు టేపుల్లో మా చెవుల్లో పడేవి. మేము విని టైపు చేసి పంపేవాళ్లం. నేను చదివింది ఎం.ఏ. చరిత్ర. నా పక్క సీటామె వృక్షశాస్త్రం. మా తప్పులు దిద్దే సీనియర్ గారు బ్యాంకు పరీక్షలు రాసి రాసి విసిగిపోయి వచ్చిన బి.కాం. కొన్నాళ్ల శిక్షణ అయ్యేసరికి మేమంతా గుండె గురించీ కాలేయం గురించీ సొంత మేనత్తల గురించి మాట్లాడుకున్నంత చనువుగా మాట్లాడుకునేవాళ్లం. ఎవరైనా తుమ్మితే నలుగురు నాలుగు జబ్బుల పేర్లు చెప్పేవారు. సీనియర్ గారి దృష్టిలో, స్పెల్లింగ్ తప్పు లేకుండా రాయగలిగిన జబ్బుకు మనిషి భయపడాల్సిన పనే లేదు.

మేము లింగంపల్లిలో అద్దెకుండేవాళ్లం. నేను, మా ఆయన, మా అత్తగారు. మా ఆయన ప్రభుత్వ ఆఫీసులో సెక్షన్ చూసేవారు. అత్తగారు భీమవరం దగ్గర పల్లె నుంచి వచ్చి, హైదరాబాద్ నీళ్లకు పప్పు ఉడకదని రోజూ అంటూనే మాతో ఉండిపోయారు. వ్యాను నడిపే అతనిది కోకాపేట. అక్కడ వాళ్లకు జొన్న చేను ఉండేది. ఆడవాళ్లున్న బండి అని గుంత కనిపిస్తే చాలు, చంటిబిడ్డను నడిపించినట్టు నడిపేవాడు. అతని జాగ్రత్త వల్ల మేము రోజూ ఆఫీసుకు ఆలస్యంగా చేరేవాళ్లం.

అలాంటి మనిషి ఒకరోజు పొద్దున్న గట్టిగా బ్రేకు వేశాడు. ఎర్రగుడ్డ మనిషి బండ చాటున బీడీ ముట్టించుకుంటూ మా రాక గమనించలేదట. గమనించేసరికి మేము మీదికి వచ్చేశాం. అతను ఒక్క గంతులో వ్యాను ముందుకు దూకాడు. నేను ఒళ్లో టిఫిను డబ్బా సర్దుకుంటూ ఉన్నాను. ముందు సీటు వెనక ఉండే ఇనుప కడ్డీ వచ్చి నా ఎడమ రొమ్ముకు కొట్టింది. డబ్బా మూత ఎగిరింది. వ్యానులో వాళ్లందరికీ నా పులిహోర కనిపించింది. నాకు చుక్కలు కనిపించాయి.

"అయ్యో, దెబ్బ తాకిందా అమ్మా?" డ్రైవరు దిగి కిటికీ దగ్గరకు పరిగెత్తి వచ్చాడు. "ఆయన కండ్లు మూస్కొని ఉరికొచ్చిండు. తొక్కిచ్చాల్నా మరి? జర నీళ్లు తాగుండ్రి."

నీళ్లు తాగాను. ఆఫీసుకు వెళ్లి పని చేశాను. సాయంత్రానికి అక్కడ నల్లగా కమిలింది. తర్వాతి రోజుల్లో ఆకుపచ్చగా, పసుపుగా, ఇంకేవో రంగులుగా మారింది. ఎక్కడ తగిలిందో పక్క సీటామె ఒక్కదానికే చెప్పాను. మధ్యాహ్నానికి అందరికీ తెలిసింది.

"హెమటోమా మేడమ్, నెత్తురు గడ్డకట్టడం," అన్నారు సీనియర్ గారు, గోడ మీది గడియారం వైపు చూస్తూ. మర్యాదస్తుడు, అలాంటి విషయాలు మాట్లాడేటప్పుడు మనిషిని చూడరు. "దానంతటదే తగ్గిపోతుంది. నిన్ననే ఒకటి టైపు చేశాను. 'హెచ్' పక్కన 'ఇ'."

ఇంట్లో అత్తగారు ఉప్పు కాపడం పెట్టారు, పసుపు పట్టు వేశారు. రంగులు పోయాయి. నొప్పి పోయింది. అడుగున చింతగింజంత గట్టిది ఒకటి మాత్రం మిగిలిపోయింది. దాని మీద చర్మం కొద్దిగా లోపలికి లాగినట్టుండేది.

అత్తగారు వేలితో తడిమి చూసి, ఉన్నట్టుండి గొంతు తగ్గించేశారు. ఆవిడ గొంతు తగ్గిస్తే మా ఇంట్లో అందరికీ భయం.

"దెబ్బ తగిలిన చోట గడ్డ కడితే మంచిది కాదమ్మాయ్. మా పిన్నికి ఇలాగే ఆవు పొడిచింది. పొడిచిన చోటే వచ్చింది ఆ మాయదారి జబ్బు. ఆ ఆవు లేకపోతే మా పిన్ని ఇంకా ఉండేది."

"అప్పటికే ఆవిడకు ఎనభై దాటాయి కదమ్మా," అన్నారు మా ఆయన.

"అయితే? ఆవు వయసు చూసి పొడుస్తుందా?"

అక్కడితో మా ఇంట్లో విచారణ ముగిసి తీర్పు వచ్చేసింది. జబ్బు ఏమిటో ఇంకా తెలియదు, అది ఎలా వచ్చిందో మాత్రం తేలిపోయింది. చూడటానికి వచ్చిన చుట్టాలు తలా ఒక దెబ్బ కథ తెచ్చారు. ఒకరి బాబాయికి తొడ మీద గడ్డివాము నిచ్చెన పడింది. ఒకరి వదినకు రోకలి తగిలింది. అందరూ పోయారు. దెబ్బ తగిలి బతికి బట్టకట్టిన మనిషి గురించి ఎవ్వరూ చెప్పలేదు. అలాంటివాళ్ల గురించి చెప్పడానికి అంత దూరం బస్సులు మారి ఎవరొస్తారు?

ఆఫీసులో ఇదే కథ ఇంకాస్త నాజూకుగా నడిచింది. సీనియర్ గారు క్యాన్సర్ విభాగం టేపులు కూడా దిద్దేవారు కాబట్టి ఆయన మాటకు తిరుగులేదు. "ట్రామా హిస్టరీ, అంటే ఇదివరకు దెబ్బలేమైనా తగిలాయా అని డాక్టర్లు ప్రతి పేషెంట్‌నీ అడుగుతారు మేడమ్. ఊరికే అడుగుతారా?" అన్నారు. ఆ టేపుల్లోనే కుక్కలున్నాయా, ఏ చర్చికి వెళతారు అని కూడా అడుగుతారని నాకు గుర్తుంది. కానీ ఆయన పైవారు, నేను ఊరుకున్నాను.

మా ఆయన ఫైళ్ల మనిషి. ఆయనకు ఏ సంగతికైనా ముందు బాధ్యుడు కావాలి, ఆ తర్వాతే బాధ. "మూలకారణం రికార్డు కాకుండా మనం ముందుకు వెళితే రేపు ఎవరు జవాబు చెబుతారు?" అని ఒక శనివారం ఇస్త్రీ చొక్కా వేసుకుని మా ఆఫీసుకు వచ్చి పరిపాలన అధికారిని కలిశారు. ఇద్దరూ తలుపు మూసుకుని చాలాసేపు మాట్లాడుకున్నారు. ఒకే రకం మనుషులు కలిస్తే ఉండే ఆనందం బయటికి వచ్చినప్పుడు ఇద్దరి ముఖాల్లోనూ కనిపించింది.

ఫలితాలు సోమవారం కనిపించాయి. వ్యానులో కడ్డీలన్నిటికీ స్పాంజి చుట్టారు. బండి కదులుతుండగా ఉద్యోగినులు తమ శరీరాన్ని ముందు సీటుకు తగినంత దూరంలో ఉంచుకోవాలని నోటీసు బోర్డు మీద కాగితం అంటించారు. కోకాపేట డ్రైవరును మా వ్యాను నుంచి తీసేసి, జనరేటరుకు డీజిల్ తెచ్చే బండి మీద వేశారు. ఎర్రగుడ్డ మనిషి మాత్రం యథాస్థానంలో ఉన్నాడు. అతను మా ఆఫీసు పరిధిలోకి రాడట.

ఇంత జరిగాక, నన్ను ఇంతవరకూ ఒక్క డాక్టరూ చూడలేదన్న సంగతి ఇంట్లో ఒకరికి గుర్తొచ్చింది. ఆ ఒకరు నేనే.

ఆసుపత్రిలో సర్జను ఒక పెద్దావిడ. జుట్టు బిగించి ముడివేసుకుని, ముఖంలో ఏ భావమూ కనపడనీకుండా ఉండేవారు. నా వెంట అత్తగారు లోపలికి వచ్చి, నేను నోరు విప్పేలోగా వ్యాను, బ్రేకు, కడ్డీ, ఆవు అన్నీ వరసగా చెప్పేశారు. డాక్టరు గారు అంతా విని, చేతులు కడుక్కుని నన్ను పరీక్షించడం మొదలుపెట్టారు. ఎడమ వైపు అయ్యాక కుడి వైపు చూడబోయారు.

"దెబ్బ ఎడమ వైపండీ," అన్నారు అత్తగారు.

"తెలుసమ్మా. రెండూ ఈవిడవే కదా."

ఆ చెయ్యి కుడి వైపు ఒకచోట ఆగింది. కొంచెం ముందుకు పోయి, మళ్లీ వెనక్కు అక్కడికే వచ్చింది. ఆవిడ ముఖం మారలేదు. మారకుండా ఉండటానికి ఆవిడ పడిన కష్టం మాత్రం నాకు తెలిసింది. ఎన్నో టేపులు విన్నాను నేను. చెబుతూ చెబుతూ డాక్టరు ఎక్కడ ఊపిరి తీసుకుంటాడో అక్కడే అసలు సంగతి ఉంటుందని నాకు తెలుసు.

రెండు వైపులా ఎక్స్‌రే ఫోటోలు తీశారు. రెండు వైపులా సూది గుచ్చి పరీక్షకు చిన్న ముక్క తీశారు. ఫలితం వచ్చేదాకా నేను ఆఫీసుకు వెళ్లి ఎవరి గుండెల గురించో ఎవరి కిడ్నీల గురించో టైపు చేశాను. చేతులు వాటి పని అవి చేసుకుపోయేవి. బాత్రూములోకి వెళ్లినప్పుడు మాత్రం కుడి వైపు తడిమి చూసుకునేదాన్ని. ఉంది. శనగబద్దంత కూడా లేదు. నొప్పి లేదు. దాన్ని ఎవ్వరూ ఏమీ అనలేదు, దాని గురించి ఏ చుట్టమూ రాలేదు. నాకు ఎడమ వైపు దానికంటే దాని మీదే జాలీ భయమూ కలిసి వేసేవి.

ఫలితాల రోజు ముగ్గురం వెళ్లాం. డాక్టరు గారు ముందు ఎడమ వైపు కాగితం తీశారు.

"ఇది క్యాన్సర్ కాదు. దెబ్బకు లోపలి కొవ్వు చచ్చి గట్టిపడింది. పైకి చూడటానికి అచ్చం క్యాన్సర్‌లా ఉంటుంది, మమ్మల్నీ భయపెడుతుంది. దీనితో ప్రమాదమేమీ లేదు."

అత్తగారు రెండు చేతులూ ఎత్తి పైకప్పుకు దణ్ణం పెట్టారు. మా ఆయన జేబురుమాలు తీశారు.

"కుడి వైపుది క్యాన్సర్," అన్నారు డాక్టరు గారు. "చిన్నదిగా ఉండగానే దొరికింది."

అందరికంటే ముందు అత్తగారే తేరుకున్నారు.

"కుడి వైపు దెబ్బే తగల్లేదు కదండీ?"

"తగల్లేదు."

"మరి అక్కడ రాకూడదు కదండీ."

"ఆ సంగతి దానికి తెలియదమ్మా," అన్నారు డాక్టరు గారు. మొదటిసారి ఆవిడ గొంతు కాస్త మెత్తబడింది. కుర్చీ ముందుకు జరుపుకుని, నాతో కాకుండా మా అత్తగారితోనే చెప్పారు. "నా దగ్గరకు వచ్చేవాళ్లలో చాలామంది దెబ్బ తగిలిందనే వస్తారు. తగిలినచోట నొప్పి పుడుతుంది, చెయ్యి పెట్టి చూసుకుంటారు, అక్కడ ముందు నుంచీ ఉన్నది అప్పుడు దొరుకుతుంది. దెబ్బ తర్వాత దొరికింది కాబట్టి దెబ్బతో వచ్చిందనుకుంటారు. ఏళ్ల తరబడి మానని పుండు, పాత కాలిన మచ్చ, వాటి సంగతి వేరు, వాటిలో ఎప్పుడైనా రావచ్చు. ఒక్క దెబ్బ తగిలి గడ్డ లేచి క్యాన్సర్ అయిందనడానికి మాకు ఆధారం కనపడలేదు."

"అయితే దీనికి కారణమేమిటండీ?" అన్నారు మా ఆయన.

"తెలియదు."

"తెలియదని రాసిస్తారా?"

నాకు నవ్వొచ్చింది. ఆయన కూడా నవ్వుతారేమో అని అటు తిరిగాను. ఆయన ఏడుస్తున్నారు. పెళ్లయినప్పటి నుంచీ ఆయన ఏడవడం చూడలేదు. జేబురుమాలు చేతిలోనే ఉంది, తుడుచుకోవాలని తోచలేదు పాపం.

ఇలాంటి కబురు విన్నాక మనుషులు ఒప్పుకుని ఊరుకుంటారని నేను అనుకున్నాను. ఊరుకోలేదు. ఎడమ వైపు దెబ్బతో పని జరగలేదు కాబట్టి, ఇప్పుడు కుడి వైపు దెబ్బ ఒకటి కావలసి వచ్చింది.

అత్తగారు నా బాల్యం తవ్వడం మొదలుపెట్టారు. చెట్టెక్కి పడ్డావా? సైకిలు నేర్చుకున్నావా? గేదె తన్నిందా? నాకేమీ గుర్తు లేదంటే, వీధి చివరి ఎస్టీడీ బూతుకు వెళ్లి మా అమ్మకే ఫోను చేశారు. పక్కనే నిలబడిన నాకు మా అమ్మ గొంతు బూతు బయటికి వినిపించింది.

"మా ఇంట్లో ఉన్నంతకాలం దాని ఒంటి మీద చిన్న గీత కూడా పడలేదు వదినగారూ. ఏం తగిలినా పెళ్లయి మీ ఇంటికొచ్చాకే తగిలుండాలి."

"మా ఇంట్లో దాన్ని పూచికపుల్లతోనైనా తాకినవాళ్లు లేరండీ!"

ఆ తర్వాత కొన్ని వారాల పాటు రెండు కుటుంబాల మధ్యా మాటల్లేవు. నా దెబ్బ ఎవరి హయాంలో తగిలిందన్నది తేలకుండానే ఆపరేషన్ తేదీ వచ్చేసింది.

ఆఫీసులో సీనియర్ గారు దీనికి కూడా ఒక పదం కనిపెట్టారు. "కాంట్రకూ మేడమ్. తలకు ఒక పక్క దెబ్బ తగిలితే లోపల మెదడుకు రెండో పక్క గాయమవుతుంది. టేపుల్లో ఎన్నిసార్లు విన్నాం! తలకు వర్తించేది మిగతా ఒంటికి ఎందుకు వర్తించదు?"

"తలలో మెదడు ఉంటుంది కాబట్టి సార్," అన్నాను.

ఆయన కాంట్రకూకు స్పెల్లింగ్ చెప్పి వెళ్లిపోయారు.

కుడి రొమ్ము తీసేశారు. ఆ తర్వాత మందులెక్కించారు. జుట్టు ఊడింది. నోట్లో పుళ్లతో, అత్తగారు చేసిన మజ్జిగన్నం కూడా మిరపకాయలా మండేది. అద్దం ముందు కట్టు మార్చుకున్న మొదటి రోజు నేను చూసుకున్నది ఎవరికీ చెప్పలేదు, ఇప్పుడూ చెప్పలేను. దెబ్బ తగిలి ఉంటే బాగుండేదని ఆ రోజు నాకూ అనిపించింది. దెబ్బకు ఒక ఉదయం ఉంటుంది. తిట్టడానికి ఒక మనిషి ఉంటాడు. ఆ సీట్లో కూర్చోకుండా ఉంటే బాగుండేదని అనుకోవచ్చు. దీనితో ఏమనుకోవాలి? ఎవరిని తిట్టాలి? చుట్టాలంతా బస్సులు మారి తెచ్చిన రోకళ్లూ నిచ్చెనలూ నన్ను బాధపెట్టడానికి తెచ్చినవి కావని అప్పుడు అర్థమైంది. వాళ్లకు భయమేసింది, అంతే. దెబ్బ తగలకపోయినా వస్తుందంటే, అది వాళ్లకు కూడా రావచ్చు కదా.

మందులు సగం అయ్యాక ఒక ఆదివారం మా గేటు దగ్గర కోకాపేట డ్రైవరు కనిపించాడు. చేతిలో మక్కజొన్న కంకులున్న సంచి ఉంది. నెత్తికి గుడ్డ కట్టుకుని ఉన్న నన్ను చూసి సంచి కింద పెట్టేశాడు. లోపలికి రమ్మంటే రాడు.

"నా బ్రేకుతోనే మీకు గిట్లయిందని అందరంటున్నరు అమ్మా. డీజిల్ కాడ పోరగాళ్లు గూడ అంటున్నరు. ఇంట్ల నా పెండ్లాం అన్నం పెడుతలేదు. నిద్ర పడ్తలేదు నాకు. పరేషాన్ ఉన్న."

నేను ఏదో చెప్పబోయేలోగా అత్తగారు వంటింట్లోంచి వచ్చేశారు. ఎడమ, కుడి గొడవలో ఎటూ తేలక ఆవిడ ఈ మధ్య కొత్త నిర్ణయానికి వచ్చారు. ఆ దెబ్బ తగలకపోతే మేము డాక్టరు దగ్గరకే వెళ్లేవాళ్లం కాదు, వెళ్లకపోతే ఇది దొరికేది కాదు.

"రా నాయనా, లోపలికి రా. నువ్వు దేవుడివయ్యా! నీ బ్రేకే మా పిల్లను కాపాడింది," అని అతని చెయ్యి పట్టుకున్నారు.

అతను చెయ్యి వెనక్కు తీసుకోలేక, ఉంచలేక నిలబడ్డాడు. "అట్లెట్లమ్మా? మొన్నటిదాక నేనే సంపిన అన్నరు?"

"అప్పుడు తెలియక అన్నాం నాయనా."

"చూడండి," అన్నాను నేను. "మీరు నన్ను చంపలేదు, కాపాడలేదు. మనిషి అడ్డమొస్తే బ్రేకు వేశారు. మీరు వెయ్యకపోతే అతను పోయేవాడు. ఆ జబ్బు అంతకుముందే నాలో ఉంది. దెబ్బ తగిలింది ఒక పక్క, అది వచ్చింది ఇంకో పక్క."

"ఇంకో పక్కనా?" అతనికి ఈ ముక్క ఎవరూ చెప్పలేదు. ఊళ్లో అందరికీ కథ అందింది గానీ పక్క మారిన సంగతి అందలేదు. "మరి ఆ పక్క ఎట్లొచ్చింది?"

"ఎవరికీ తెలియదట."

అతని ముఖంలో బరువు దిగినట్టే ఉంది, మళ్లీ ఏదో గుర్తొచ్చి నుదురు ముడిపడింది.

"నేను ఎల్లమ్మకు మొక్కిన అమ్మా. మీకు నయమైతే కోడిని కోస్తనని. ఇగ నా తప్పు లేదంటిరి. మరి ఆ మొక్కు తీర్చాల్నా, వద్దా?"

మా అత్తగారు కోడి మాట వినిపిస్తే ఆ గదిలోంచే లేచి వెళ్లిపోయే మనిషి. ఒక్క క్షణం కళ్లు మూసుకున్నారు.

"తీర్చు నాయనా," అన్నారు. "ఒకటనుకుంటే రెండు కొయ్యి."

అతను ఆ రోజు లోపలికి వచ్చి పెసరట్లు తిన్నాడు. అతణ్ణి మళ్లీ మా వ్యానుకు వెయ్యమని మా ఆయన ఇంకోసారి ఇస్త్రీ చొక్కా వేసుకుని వెళ్లారు. తీసేస్తూ కాగితం మీద ఆర్డరేదీ ఇవ్వలేదు కాబట్టి, లేని ఆర్డరును రద్దు చెయ్యడం కుదరదని అధికారి చెప్పారట. అందులో న్యాయం ఉందని మా ఆయన కూడా ఒప్పుకుని వచ్చారు. చివరికి కొత్త డ్రైవరు వ్యానును వెనక్కు తీస్తూ బండకు గుద్దడంతో, ఎవరూ ఏమీ రాయకుండానే పాత మనిషి తిరిగొచ్చాడు. జుట్టు వేళ్లకు అందేంత పెరిగాక నేనూ తిరిగొచ్చాను. స్పాంజి అప్పటికే చిరిగి వేలాడుతోంది.

చికిత్స అయ్యాక మొదటి పరీక్షకు ఆసుపత్రికి వెళ్లినప్పుడు బయట బెంచీ మీద నా పక్కన జహీరాబాద్ నుంచి వచ్చిన ఒక పెద్దామె కూర్చుంది. మెడకు కట్టు ఉంది. నన్ను కిందికీ మీదికీ చూసి, ఎన్నాళ్ల నుంచో ఎరిగినదానిలా అడిగింది.

"నీకేం తాకింది బిడ్డా?"

"ఏమీ తాకలేదమ్మా."

"అట్లెట్ల ఉంటది? మంచిగ యాది చేస్కో."

"చేసుకున్నానమ్మా. మా ఇంట్లో అందరూ చేసుకున్నారు."

ఆమె నా వైపు జాలిగా చూసింది. రోగం ఉండీ దానికి చెప్పుకోవడానికి ఒక కథైనా లేని మనిషిని అంతకుముందు చూసి ఉండదు. కొంగు సర్దుకుని, నా పక్కకు ఇంకాస్త జరిగి, తన మెడ మీద బావి గిలక ఎలా పడిందో మొదటి నుంచీ చెప్పడం మొదలుపెట్టింది. తాడు ఎవరు పేనారో, ఆ తాడు పేనినవాడితో వాళ్లకు పొలం గట్టు తగాదా ఎప్పటి నుంచి ఉందో కూడా చెప్పింది. లోపలి నుంచి నన్ను పిలిచినప్పుడు, గిలక పడ్డాక ఏమైందో వినకుండా లేవాలనిపించక, నా వెనకామెను ముందు వెళ్లమన్నాను.